వంటగది సంగతి ముందే చెప్పండి: ఇంగ్లండ్ పల్లె పబ్బుల వారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పల్లె పబ్బుల నిర్వాహకులకు, ఆ భవనాలు ఎవరి సొంతమో ఆ కంపెనీల బాధ్యులకు నమస్కారం.

మీలో ఎవరి పబ్బు గురించి జనం రాసిన అభిప్రాయాలు తీసి చూసినా ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒకే వారంలో, ఒకే వంటగది నుంచి వచ్చిన ఒకే వంటకం గురించి ఒకరు ఐదు నక్షత్రాలిచ్చి, ఇంత మంచి సండే రోస్ట్ (ఓవెన్‌లో కాల్చిన మాంసంతో ఆదివారం వడ్డించే భోజనం) ఈ చుట్టుపక్కల ఎక్కడా తినలేదని రాస్తారు. ఇంకొకరు ఒక్క నక్షత్రంతో సరిపెట్టి, గంటకు పైగా కూర్చోబెట్టి చల్లారిన పళ్లెం తెచ్చారని, ఎందుకు ఆలస్యమైందో చెప్పే మనిషే కనబడలేదని రాస్తారు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోవడం తేలిక. నేను చూసినంతలో, నాకు తెలిసిన తెలుగు కుటుంబాలు చూసినంతలో, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ తేడాకు చాలాసార్లు కారణం చెఫ్ నైపుణ్యం కాదు. వచ్చినవారికి ఆ పూట పరిస్థితి మీరు ముందుగా చెప్పారా లేదా అన్నదే. ఆ ఒక్క విషయం గురించే ఈ లేఖ.

నేను ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో కుటుంబంతో స్థిరపడిన తెలుగువాణ్ని. ఈ లేఖ ఆంగ్ల ప్రతి మీకు విడిగా అందుతుంది. తెలుగులో బహిరంగంగా ఉంచడానికి కారణం, ఈ దేశంలో ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్న మావాళ్లు శని ఆదివారాల్లో పీక్ డిస్ట్రిక్ట్ కొండలకో, కాట్స్‌వోల్డ్స్ పల్లెలకో, యార్క్‌షైర్ డేల్స్‌కో బయల్దేరినప్పుడు మధ్యాహ్న భోజనానికి ఆగేది మీ దగ్గరే. ఇక్కడ చదువుకుంటున్న మా పిల్లల్లో కొందరు, వీసా అనుమతించే వారానికి 20 గంటల పనిని మీ వంటగదుల్లో గిన్నెలు కడుగుతూనో, బల్లలకు వడ్డిస్తూనో చేసుకుంటున్నారు. అందువల్ల మీ పబ్బుల మంచిచెడ్డలు మాకు కౌంటరుకు రెండు వైపుల నుంచీ తెలుసు. నక్షత్రాలిచ్చే తెలుగువారితో చెప్పవలసిన మాటలు కూడా కొన్ని ఉన్నాయి. అవీ ఇందులోనే చెబుతాను.

ముందు మంచి చెప్పనివ్వండి, అది తక్కువేమీ కాదు కాబట్టి. ఆదివారం మధ్యాహ్నం ఒక చిన్న ఊరి పబ్బులో చేతనైన చెఫ్ పంపిన రోస్ట్ పళ్లెంలో ఎంత శ్రద్ధ ఉంటుందో, ఆ వంట ఇంట్లో చేయబోయి చూసినవారికే తెలుస్తుంది. పిండి, గుడ్లు, పాలు జారుగా కలిపి, పొగలు వచ్చేంతగా కాగిన కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడితే యార్క్‌షైర్ పుడ్డింగ్ గిన్నెలా పొంగుతుంది. దాని అంచు పట్టుకుంటే పెళుసుగా విరగాలి, అడుగు మాత్రం మెత్తగా ఉండి గ్రేవీని పీల్చుకోవాలి. ఓవెన్ నుంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే అది కుంగిపోవడం మొదలుపెడుతుంది కనుక, అది బల్ల మీదికి పొంగు తగ్గకుండా వచ్చిందంటే వంటగదిలో ఎవరో సమయం చూసుకుంటూ నిలబడ్డారన్న మాట. పక్కన పైపొర కరకరలాడే బంగాళదుంపలు, గొర్రె మాంసమైతే పుదీనా ఆకును వెనిగర్‌లో నానబెట్టి చేసిన సాస్, చివర్లో వేడి వేడి స్టికీ టాఫీ పుడ్డింగ్. చలికాలంలో మట్టి బూట్లతో లోపలికి వచ్చినా ఏమీ అనుకోరు, కుక్కకు నీళ్ల గిన్నె పెడతారు, పిల్లలకు సగం పళ్లెం అడిగితే కాదనరు. మా ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లు ఈ దేశాన్ని దగ్గరగా చూసేది లండన్ మ్యూజియాల్లో కాదు, ఇలాంటి గదుల్లోనే. మీరు బాగా చేసిన రోజున మీకు సాటి వచ్చే భోజనశాల నాకు ఈ దేశంలో కనబడలేదు.

ఈ మంచి ఎప్పటినుంచో ఉన్నది కూడా కాదు. చాలా కాలం పాటు పబ్బు అంటే ప్రధానంగా బీరు. తిండి అంటే రొట్టె, చీజ్, ఊరగాయ. ఇంగ్లండ్‌లో 2007 జులై 1 నుంచి లోపల పొగతాగడం నిషేధించాక, సూపర్‌మార్కెట్లలో బీరు చవకై జనం ఇంట్లోనే తాగడం అలవాటు చేసుకున్నాక, మీలో చాలామందికి వంటగదే బతుకుతెరువైంది. బ్రిటన్ మొత్తం మీద 2000 ప్రాంతంలో దాదాపు 60 వేలు ఉన్న పబ్బులు ఇప్పుడు 45 వేల దగ్గరికి వచ్చాయి. మిగిలిన పల్లె పబ్బుల్లో భోజనం లేకుండా నడవగలిగేవి తక్కువ. కాబట్టి భోజనం గురించి వచ్చే ఫిర్యాదు మీకు చిన్న విషయం కాదని నాకు తెలుసు. ఆ ఎరుకతోనే రాస్తున్నాను.

ఇక చెడు. ఒక ఆదివారం, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను తీసుకుని ఒక కొండదారిలో నడిచి, ముందుగా చూసి పెట్టుకున్న పబ్బుకు చేరుకున్నాము. వెబ్‌సైటులో ఆదివారం రోజంతా భోజనం అని ఉంది. కార్లు నిలిపే చోటు నిండుగా ఉంది, పొగగొట్టం నుంచి పొగ వస్తోంది. లోపలికి వెళ్లేసరికి రెండూ నలభై. కౌంటరు దగ్గరున్న అమ్మాయి, వంటగది రెండున్నరకే మూసేశామని, ఈ రోజు ఒక్క చెఫే ఉన్నాడని, మాంసం కూడా అయిపోయిందని చెప్పింది. అమ్మకు మందులు వేసుకునే వేళ దాటిపోతోంది. అక్కడ దొరికినవి క్రిస్ప్స్ (బంగాళదుంప రేకుల) పొట్లాలు, ఉప్పు వేరుశనగలు, టీ. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. మాకంటే ముందు వచ్చినవారి చేత కూడా మాటలు పడిందని ఆమె ముఖమే చెబుతోంది. తిరిగి కారు ఎక్కుతుంటే నాన్నగారు, "బోర్డు తీసేసి ఉంటే మనం దిగేవాళ్లమే కాదు కదా" అన్నారు.

ఆయన మాట మీకు అర్థం కావాలంటే మా వైపు భోజన హోటళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. అన్నం వార్చి, కూరలు దించి, ఆకులు వేయడానికి సిద్ధమైనప్పుడు వాకిట్లో "మీల్స్ రెడీ" అన్న బోర్డు పెడతారు. అన్నం అయిపోతే ఆ బోర్డు లోపలికి తీసేస్తారు. రోడ్డు మీద పోయేవాడు బోర్డు చూసి ఆగుతాడు, లేకపోతే ఆగకుండా పోతాడు. లోపలికి వచ్చి ఆకలితో వెనుదిరిగే పరిస్థితి ఉండదు. దానికి ఖర్చు ఒక పలక, ఒక మేకు. మీ పబ్బుల ముందు కూడా సుద్దముక్కతో రాసే నల్లబల్లలు ఉన్నాయి. వాటి మీద ఈ వారం పాటల కార్యక్రమం, క్విజ్ రాత్రి కనబడుతున్నాయి. వంటగది ఎన్నింటికి మూస్తారో, ఈ రోజు ఏది అయిపోయిందో కూడా వాటి మీదే రాయండి. వెబ్‌సైటులో వేళలు మార్చడానికి మీకు అధికారం లేకపోతే, ఆ అధికారం ఉన్న కంపెనీవారిని నిలదీయండి. చాలాచోట్ల పబ్బు నడిపే మనిషికి తన పబ్బు పేజీ మీద ఒక్క అక్షరం మార్చే వీలు లేదని, అక్కడ పనిచేసిన మా పిల్లల ద్వారా విన్నాను. కంపెనీల బాధ్యులు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను.

ఇలాంటిదే కౌంటరు దగ్గర ఆర్డర్ ఇచ్చే పద్ధతి. బల్ల చూసుకుని కూర్చోవాలి, బల్ల నంబరు గుర్తుపెట్టుకోవాలి, ఎవరో ఒకరు లేచి వెళ్లి కౌంటరు దగ్గర చెప్పి, ముందే డబ్బు కట్టాలి అన్నది మీకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కొత్తగా వచ్చినవారికి తెలియదు. వాళ్లు మెనూ పట్టుకుని, ఎవరైనా వస్తారని మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చుంటారు. తమ తర్వాత వచ్చినవారికి పళ్లేలు వస్తుంటే తమను పట్టించుకోవడం లేదని అనుకుంటారు, ఆ రాత్రి అదే రాస్తారు. ఆ పద్ధతి మార్చమని నేను అడగడం లేదు. కౌంటరు దగ్గర పక్కవాళ్లతో రెండు మాటలు కలపడం పబ్బుకు ప్రాణమని నేనూ ఒప్పుకుంటాను. కాని కొన్నిచోట్ల తాగేవి కౌంటరు దగ్గర, తినేవి బల్ల దగ్గర. కొన్నిచోట్ల అన్నీ ఫోనులోని యాప్‌లో. కొన్నిచోట్ల లోపలి గదికి ఒక పద్ధతి, తోటలో బల్లలకు ఇంకొకటి. ఇన్ని రకాలున్నప్పుడు బల్ల మీద అరచేయంత అట్టముక్క పెట్టడం అవమానమేమీ కాదు. అది పెట్టిన పబ్బుల్లో మావాళ్లు ఇబ్బంది పడిన సందర్భం ఒక్కటీ నేను వినలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను ఎక్కువసేపు నిలబడి చెప్పదలచుకున్నది, పళ్లెంలో ఏముందన్న సంగతి. మా కుటుంబాల్లో శాకాహారులున్నారు; మాంసం తిన్నా గొడ్డు మాంసం ముట్టనివారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. మీ మెనూలో పేరు పక్కన ఆకు గుర్తు ఉంటుంది, కాని పక్కన వచ్చే చిప్స్ (ఇక్కడ వేయించిన బంగాళదుంప ముక్కలను అలా అంటారు) ఏ కొవ్వులో వేగాయో ఉండదు. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఇప్పటికీ గొడ్డు కొవ్వులో చిప్స్ వేయించడం సంప్రదాయం. రుచి దానిదేనని వాళ్లు గర్వంగా చెబుతారు, అందులో తప్పేమీ లేదు. యార్క్‌షైర్ పుడ్డింగ్ అదే కొవ్వులో పొంగవచ్చు. చికెన్ రోస్ట్ అడిగినా, దాని మీద పోసే గ్రేవీ అన్ని మాంసాలకూ కలిపి కాచినదై ఉండవచ్చు. చేప వేయించిన మూకుడులోనే పనీర్ లాంటి హలూమీ ముక్కలు వేగవచ్చు. ఊస్టర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయని, దానితో చేసిన చీజ్ టోస్ట్ శాకాహారం కాదని మాలో చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు.

ఈ దేశపు చట్టం 2014 డిసెంబరు నుంచి 14 రకాల అలర్జీ కారకాల గురించి తినేవారికి చెప్పి తీరాలని అంటోంది. వాటిలో పాలు, గుడ్లు, వేరుశనగలు, నువ్వులతో పాటు మా ఇళ్లలో రోజూ పోపులో వేసే ఆవాలు కూడా ఉన్నాయి. నటాషా ఎడ్నన్ లపెరూజ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి 2016లో నువ్వులు కలిసిన రొట్టె తిని ప్రాణాలు కోల్పోయాక, దుకాణంలోనే తయారుచేసి ప్యాక్ చేసి అమ్మే తిండి మీద పదార్థాలన్నీ ముద్రించాలన్న నియమం 2021 అక్టోబరు 1న వచ్చింది. పళ్లెంలో వడ్డించే భోజనానికి ఆ నియమం వర్తించదు. నోటిమాటగా చెప్పినా చట్టానికి సరిపోతుంది. ఆహార ప్రమాణాల సంస్థ మాత్రం 2025 మార్చిలో ఇచ్చిన సూచనల్లో, అలర్జీ వివరాలు రాతపూర్వకంగా అందుబాటులో ఉంచి, దానితోపాటు మాట్లాడి కూడా చెప్పడం మంచిదని స్పష్టం చేసింది. గొడ్డు కొవ్వు ఆ 14లో లేదు. అందువల్ల దాని గురించి చెప్పాలన్న నిర్బంధం మీకు లేదు. కాని మాకు అది నమ్మకానికి, మనస్సాక్షికి సంబంధించిన విషయం. తిన్న తర్వాత తెలిస్తే, డబ్బు వెనక్కి ఇచ్చినంత మాత్రాన తీరేది కాదు.

ఇది చెప్పడం ఎంత సులువో చూపించిన పబ్బు కూడా నాకు తెలుసు. అక్కడ గొడ్డు మాంసం తినమని చెప్పగానే, వడ్డించే అబ్బాయి తెలిసినట్టు నటించలేదు. ఒక్క నిమిషం ఆగమని లోపలికి వెళ్లి, నూనె మరకలు పడిన ఒక దస్త్రం తెచ్చి బల్ల మీద తెరిచాడు. అందులో ప్రతి వంటకానికి ఒక పేజీ. ఏ నూనె, ఏ మూకుడు, గ్రేవీ దేనితో కాచినది అన్నీ చేతిరాతతో ఉన్నాయి. రెండు చోట్ల కొట్టివేసి తేదీ వేసి సరిదిద్దారు. చిప్స్ మాకు కుదరవని తేలింది. దానికి బదులు ఉడికించిన చిన్న బంగాళదుంపలు వెన్నతో ఇస్తామన్నాడు. మేము అడిగినది దొరకలేదు, అయినా ఆ రోజు మా ఇంటిల్లిపాదీ ఎంతో తృప్తిగా లేచాము. ఆ దస్త్రం మీరందరూ పెట్టుకోవచ్చు. వంటవాడు మారినప్పుడల్లా దాన్ని సరిచూసుకుంటే చాలు.

ఇప్పుడు కంపెనీల బాధ్యులతో కొంచెం సూటిగా మాట్లాడాలి. 1989లో అప్పటి ప్రభుత్వం, పెద్ద బీరు తయారీ సంస్థలు తమ బీరే అమ్మాలని కట్టిపడేసిన పబ్బుల సంఖ్యకు పరిమితి పెట్టింది. పోటీ పెరగాలన్నది ఉద్దేశం. జరిగినదేమిటంటే, వేల పబ్బులు చేతులు మారి, బీరు కాచడం తెలియని ఆస్తుల కంపెనీల కిందికి వచ్చాయి. ఆ కంపెనీలకు అద్దె కట్టే మనిషి, బీరు కూడా వారి దగ్గరే, వారు చెప్పిన ధరకే కొనాలి. ఆ ధర బయటి కంటే తరచూ ఎక్కువ. 2016 జులైలో అమల్లోకి వచ్చిన పబ్స్ కోడ్ అనే నియమావళి, దాని కోసం నియమితుడైన అధికారి, 500 లేదా అంతకంటే ఎక్కువ ఇలాంటి పబ్బులున్న కంపెనీల అద్దెదారులకు కొంత రక్షణ కల్పించిన మాట నిజం. అయినా బీరు మీద మిగలనిది తిండి మీద మిగుల్చుకోవలసిన ఒత్తిడి అద్దెదారుడి మీదే ఉంది. దానికి తోడు భోజనం మీద 20 శాతం వ్యాట్. 2025 ఏప్రిల్‌లో జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక బీమా చెల్లింపు) 15 శాతానికి పెరగడం, కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు కావడం, స్థానిక పన్ను మీద ఇచ్చే తగ్గింపు 75 శాతం నుంచి 40కి పడిపోవడం. జీతం పెరగడం న్యాయమే, నేను దానికి వ్యతిరేకం కాదు. కాని ఈ లెక్కలన్నీ కలిసి ఎక్కడికి చేరుతున్నాయో చూడండి: ఇద్దరు చెఫ్‌లు ఉండవలసిన ఆదివారం ఒక్కడు నిలబడుతున్నాడు, ఎనిమిది బల్లలకు ఒక విద్యార్థి వడ్డిస్తున్నాడు.

మనుషులు తగ్గినప్పుడు మెనూ కూడా తగ్గాలి. అది జరగడం లేదు. నాలుగు పేజీల మెనూ అలాగే ఉంటోంది. చెఫ్ చేయలేనివి ఫ్రీజరు నుంచి, అక్కడి నుంచి మైక్రోవేవ్‌లోకి, అక్కడి నుంచి బల్ల మీదికి వస్తున్నాయి. అంచులు మాత్రం వేడిగా ఉండి మధ్యలో మంచుముద్దగా ఉన్న 'స్టేక్ పై' (పిండి పొరలో మాంసం కూరిన వంటకం) గురించి జనం రాసినప్పుడు, ఆ ఒక్క నక్షత్రం చెఫ్ ఖాతాలో పడుతోంది. అది నిజానికి ఆ మెనూ తయారుచేసి పంపిన కేంద్ర కార్యాలయం ఖాతాలో పడవలసినది. 1991లో లండన్‌లోని ఫారింగ్‌డన్ రోడ్డులో ఈగల్ అనే పబ్బును ఇద్దరు కొత్తవాళ్లు తీసుకుని, ఆ పూట చేయగలిగిన కొద్ది వంటకాలే నల్లబల్ల మీద రాసి వండిపెట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాత దేశమంతా గాస్ట్రోపబ్ (మంచి భోజనానికి పెద్దపీట వేసే పబ్బు) అన్న పేరుతో వ్యాపించినది అక్కడ మొదలైనదే. దాన్ని అనుకరించినవారిలో చాలామంది ధరలు తీసుకున్నారు, చదరపు పళ్లేలు తీసుకున్నారు. అసలు కిటుకైన చిన్న మెనూను వదిలేశారు. మీ ఊరి పబ్బు మేటి భోజనశాలలకు ఇచ్చే మిషెలిన్ నక్షత్రాలు తెచ్చుకోవాలని మేము అడగడం లేదు. ఆరు వంటకాలు చాలు. ఒక్క చెఫ్ ఉన్న రోజున మూడు చాలు. మూడే ఉన్నాయని గుమ్మం దగ్గరే తెలిస్తే, ఆ మూడింటిలో ఒకటి తిని సంతోషంగా వెళ్లేవాళ్లమే మాలో ఎక్కువ.

తెలుగు మిత్రులకు ఇక్కడ రెండు మాటలు. ఎనిమిదిమందికి బల్ల అడిగి పద్నాలుగుమందితో వెళితే, ఆలస్యం అయినందుకు పబ్బును తిట్టడం న్యాయం కాదు. మూడు పబ్బుల్లో బల్లలు చెప్పి పెట్టుకుని, రెంటికి వెళ్లకుండా, ఫోను కూడా చేయకుండా ఊరుకునేవారు మనలో ఉన్నారు. ఆ ఖాళీ బల్ల కోసం కోసి పెట్టిన కూరగాయలు, నానబెట్టిన మాంసం ఎవరి జేబులోంచి పోతాయో ఆలోచించాలి. పబ్బులు మనిషికి ఇంత అని ముందే డిపాజిట్ అడిగితే దాన్ని అనుమానంగా చూడకండి. కారం లేదని, ఉప్పు తక్కువని ఒక్క నక్షత్రం ఇవ్వడం కూడా తగదు. రోస్ట్ రుచి మాంసానిది, గ్రేవీది, కారానిది కాదు. పక్క బల్ల కింద కుక్క పడుకుని ఉందని రాసేవారూ ఉన్నారు. పల్లె పబ్బులో కుక్కకు కూడా చోటు ఉంటుందని తెలుసుకుని, ఇష్టం లేకపోతే ఆ గది కాకుండా వేరే గది అడగవచ్చు.

మళ్లీ మీ వైపుకు వస్తాను. ఒక విషయం రాయడానికి కొంత సంకోచించాను, కాని రాయకపోతే లేఖ పూర్తి కాదు. ఖాళీగా ఉన్న కిటికీ పక్క బల్ల చూపించి అడిగితే "అది ఇచ్చేశాము" అని చెప్పి, మమ్మల్ని మరుగుదొడ్ల దారి పక్కన కూర్చోబెట్టి, మేము తిని లేచేదాకా ఆ బల్ల ఖాళీగానే ఉండడం మావాళ్లలో చాలామంది ఎరుగుదురు. చాలాసార్లు అది నిజంగానే ఎవరికో చెప్పి పెట్టినది, వాళ్లు రాలేదు, అంతే. అయినా మాకు అది అలా తోచకపోవడానికి చరిత్ర ఉంది. 1960లలో బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో కొన్ని పబ్బులు నల్లవారిని, మన ఉపఖండం నుంచి వచ్చినవారిని కొన్ని గదుల్లోకి రానిచ్చేవి కావు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లవారి హక్కుల నేత మాల్కం ఎక్స్ ఆ ఊరు వచ్చి, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వారితో కలిసి వెళ్లి ఆ వివక్షను కళ్లారా చూశాడు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో హత్యకు గురయ్యాడు. బహిరంగ స్థలాల్లో జాతి వివక్షను నిషేధించిన మొదటి చట్టం ఈ దేశంలో ఆ ఏడాదే వచ్చింది. ఇప్పుడు అదే స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్ ప్రాంతాల్లో పంజాబీ కుటుంబాలు నడిపే దేశీ పబ్బుల్లో అన్ని రంగులవాళ్లూ పక్కపక్కన కూర్చుని రకరకాల కాల్చిన మాంసాల మిక్స్‌డ్ గ్రిల్ తింటున్నారు. ఎంతో దూరం వచ్చామని నేను మనస్ఫూర్తిగా అంటాను. ఇంత దూరం వచ్చాక, ఖాళీ బల్ల మీద "రెండున్నరకు ఇచ్చినది" అని చీటీ పెట్టడం ఎంత పని? ఆ చీటీ ఉంటే ఎవరి మనసులోనూ అనుమానం పుట్టదు, మీ వడ్డించే పిల్లలకూ సంజాయిషీ చెప్పుకునే అవస్థ ఉండదు.

అభిప్రాయాలకు మీరు ఇచ్చే జవాబుల గురించి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్ 6 నుంచి డబ్బిచ్చి రాయించుకునే నకిలీ అభిప్రాయాలు ఈ దేశంలో చట్టవిరుద్ధం. అది మంచిదే, నిజంగా తిన్నవారి మాటకు విలువ పెరుగుతుంది. కాని నిజమైన ఫిర్యాదు కింద "మీకు అలా అనిపించినందుకు చింతిస్తున్నాము" అన్న అచ్చు వాక్యం అతికిస్తే, చదివేవారికి మీ మీద నమ్మకం పోతుంది. ఆ రోజు ఏం జరిగిందో రాయండి. చెఫ్ జ్వరంతో ఇంటికి వెళ్లాడనో, ఫ్రయర్ పాడైందనో, ముందు చెప్పకుండా ఇరవైమంది బస్సు దిగారనో రాసిన జవాబులు నేను చదివాను. అలా రాసిన పబ్బులకు, ఒక్క నక్షత్రం ఉన్నా, మేము వెళ్లాము. అలాగే టిప్పుల సంగతి. 2024 అక్టోబరు 1 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం టిప్పులన్నీ పనివారికే చేరాలి. మీ దగ్గర ఎలా పంచుతారో బిల్లు మీద ఒక వాక్యం రాస్తే, ఇవ్వాలనుకున్నవారు సందేహం లేకుండా ఇస్తారు.

మీ ఏడాదిలో అన్నిటికన్నా రద్దీగా ఉండే పూటల్లో ఇక్కడి తల్లుల దినమైన మదరింగ్ సండే ఒకటి. ఆ రోజు ఇక్కడి తల్లులతో పాటు, మనవలను చూడటానికి తెలుగు ఊళ్ల నుంచి వచ్చిన తల్లులు కూడా మీ బల్లల దగ్గర కూర్చుంటారు. దానికి ముందుగా, కంపెనీల బాధ్యులు మీ కింద పబ్బు నడిపే ప్రతి మనిషికి తన పబ్బు పేజీలో వంటగది వేళలు, ఆ రోజు దొరికే వంటకాలు తానే మార్చుకునే అధికారం ఇవ్వాలని, పని మనుషులు తగ్గిన రోజున మెనూ తగ్గించుకునే స్వేచ్ఛ ఒప్పందంలోనే రాయాలని కోరుతున్నాను. పబ్బు నిర్వాహకులు ఆ ఆదివారం లోపు చిప్స్, పుడ్డింగ్, గ్రేవీ ఏ కొవ్వుతో చేస్తారో మెనూ అడుగున ఒక వరుసలో అచ్చువేయాలని కోరుతున్నాను. ఇవి చేసిన పబ్బులు ఏవో నాకు తెలియజేస్తే, నా ఎరుకలో ఉన్న తెలుగు కుటుంబాలన్నిటికీ వాటి పేర్లు నేనే చెబుతాను.

భవదీయుడు,
ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో నివసించే ఒక తెలుగు కుటుంబీకుడు